సుబ్బారావు గారి కథలో మన పేగుల్లోని సూక్ష్మజీవులు



జనవరి 12 వస్తే మనం యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకుంటాం. 1895లో భీమవరంలో పుట్టారని, మద్రాసులో వైద్యం చదివారని, 1923లో అమెరికా వెళ్లారని చెప్పుకుంటాం. పటానికి దండ వేసి, మందుల పేర్లు చదివి ఇంటికి వస్తాం. ఆ మందుల వెనక పేగుల్లోని సూక్ష్మజీవుల కథ ఉంది. దాన్ని మాత్రం చెప్పుకోవడం లేదు.

ఆయన సోదరులను బలి తీసుకున్న జబ్బు స్ప్రూ. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గి మనిషి చిక్కిపోతాడు. ఆయనకూ అది వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన ఆధ్వర్యంలో సాగిన పనుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి. కాలేయంలో అతి కొద్దిగా ఉండే ఆ పదార్థాన్ని కొలిచేదెలా? అందుకు లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి పనికొచ్చింది. పాల పదార్థాల్లోనూ మనిషి పేగుల్లోనూ కనిపించే రకం అది. ఫోలిక్ ఆమ్లం అందకపోతే పెరగదు. అది ఎంత పెరిగిందో చూస్తే ఆ ఆమ్లం ఎంత ఉందో తెలిసేది. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది.

1948లో అదే లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ తీసిన ఈ మందు టెట్రాసైక్లిన్లలో మొదటిది. దీని పని సూక్ష్మజీవులను అణచడం. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. తరువాతి కాలంలో స్ప్రూకు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడం మొదలైంది. ఒక సూక్ష్మజీవి సాయంతో దొరికిన మందు, సూక్ష్మజీవులను చంపే మందు, రెండూ ఒకే జబ్బుకు!

ఇందులో వైరుధ్యం లేదు. స్ప్రూలో చిన్నపేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరుగుతాయి. అక్కడ వాటిని తగ్గించాలి. పెద్దపేగులో ఉండేవి మనకు కావలసినవే. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి పేగు గోడకు ఆహారం ఇస్తాయి, విటమిన్ కె, కొంత ఫోలేట్ తయారుచేస్తాయి, హాని చేసే క్రిములకు చోటు దక్కనివ్వవు. యాంటీబయాటిక్ వేసుకుంటే వీటిలోనూ చాలా పోతాయి. ఒక్కోసారి ఆ మందు వల్లనే విరేచనాలు పట్టుకోవడానికి కారణం ఇదే.

మన ఇళ్లలో కడుపులో కాస్త తేడా చేస్తే చాలు, పోయినసారి మిగిలిన బిళ్ల వెతికి వేసుకుంటాం. పక్కింటివాళ్లకూ ఇస్తాం. ఏ సూక్ష్మజీవిని, ఎక్కడ, ఎన్నాళ్లు అణచాలో వైద్యుడు చూసి చెప్పాల్సిన సంగతి. వచ్చే జయంతి రోజున దండతో పాటు ఈ మాట కూడా మన పిల్లలకు, పెద్దలకు చెబుదాం. ఆయన చేసిన పనికి అదే తగిన గౌరవం.