తేజి, టట్టు: అశ్వకులాభిమానమును గూర్చి యొక విచారము

హైదరాబాదు నగరమునకుఁ బడమట, గోలకొండ దుర్గమునకుఁ గొలఁది దూరమున నున్న మాదాపురము, గచ్చిబౌలి యొకప్పుడు రాతిగుట్టల నడిమి పల్లెలు. 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు ఈ ప్రాంతము హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియుఁ బ్రసిద్ధి కెక్కినది. ఇచ్చటి యుద్యోగులలోఁ గొందఱు విరామదినములయందు మొయినాబాదు వైపునఁ గల యశ్వారోహణశాలలకుఁ బోవుచుందురు. అచ్చట గుఱ్ఱమును జూచినవారు దాని నడకను బరికింపక మునుపే "ఇది యే జాతిది?" అని యడుగుదురు. థరోబ్రెడ్డను నింగ్లీషు పందెపుగుఱ్ఱము గలవాఁడు మార్వాడి గుఱ్ఱమువానిని, వాఁడు నాటుగుఱ్ఱమువానినిఁ జిన్నచూపు చూచుట గుఱ్ఱపువారి లోకమునఁ గ్రొత్త గాదు. ఈ యభిమానముయొక్క చరిత్రము తేజి, టట్టు అను రెండు పదములలో నిమిడియున్నది.

తేజి యనఁగా మన కావ్యములలో మేలైన గుఱ్ఱము. ఈ పదమును దేజశ్శబ్దమునుండి పుట్టినదిగా నెంచుటకు మనసు పోవును గాని, పారసీకమున "తాజీ" యనఁగా నరబ్బు దేశపుదని యర్థము. అరబ్బు గుఱ్ఱమునకును నదియే పేరు. కావున నీ మాట తేజస్సునుండి గాక యోడరేవునుండి వచ్చినదిగాఁ దోఁచుచున్నది. ఇఁక 16వ శతాబ్ది చివర అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీని జూడుఁడు. అందు గుఱ్ఱములు అరబీ, ఇరాకీ, ముజన్నస్, తుర్కీ, యాబూ, తాజీ, జంగ్లా యని యేడు తరగతులు. తుది రెండును హిందూదేశపు గుఱ్ఱములే. వానిలో మేలైనది తాజీ, నడిమిది జంగ్లా, హీనమైనది టట్టు. తెలుఁగునఁ దొలిపీఁట నెక్కిన పేరే మొగలు కొలువున నాఱవపీఁటకు దిగినది! తరగతి తగ్గినకొలఁదిని గుఱ్ఱపు భత్యమును దగ్గెను. అయినను, హిందూదేశపు గుఱ్ఱములు పెక్కు అరబ్బు గుఱ్ఱములనుండి వేఱుపఱుపరానివిగా నున్నవని యా గ్రంథకర్తయే వ్రాసెను. గుర్తింపరాని భేదమునకుఁ దరగతులెందుకో యాతఁడు చెప్పలేదు. ఈ తరగతుల కలవాటుపడిన సేనయే 1687లో గోలకొండను బట్టినది.

ఈ దోషమును బరదేశీయులమీఁదనే మోపుట న్యాయము గాదు. అమరసింహుఁడు ఆజానేయపదమునకుఁ గులీనమని యర్థము చెప్పెను. వనాయు, పారసీక, కాంభోజ, బాహ్లిక దేశములను బట్టి గుఱ్ఱములకుఁ బేళ్లు పెట్టెను. అశ్వశాస్త్రకారులు వాసనను, స్వభావమును బట్టి గుఱ్ఱములకు సైతము నాలుగు వర్ణములు గల్పించిరి. మనుష్యుఁడు తన సంఘమునందలి యెచ్చుతగ్గులను మూఁగజీవమునకుఁ దగిలించినాఁ డనుటకు నింతకంటె నిదర్శనము వలదు. అయినను వారు పుట్టుకతోనే తృప్తి నొందక సుళ్లు, రంగు, దంతములు, నడక మొదలగువానినిఁ బరీక్షింపుమనిరి. తెలుఁగున మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసము ఈ సంప్రదాయమునకుఁ జెందినదే.

సీమగుఱ్ఱమునకు గౌరవమేల పెరిగెను? 13వ శతాబ్ది చివర దక్షిణదేశమును జూచిన మార్కోపోలో, పాండ్యదేశపు రాజులొక్కొక్కరు ఏఁటేఁట రెండువేలకుఁ బైగా గుఱ్ఱములను గొనిరనియు, ఏఁడు తిరుగునప్పటికి నూఱైనను మిగులవనియు వ్రాసెను. సంరక్షణ తెలిసినవారు లేకుండుటయు, మాంసముతోఁ గలిపి వండిన యన్నమును మేపుటయు నందులకుఁ గారణములఁట. బేరము తగ్గునను భయమున వర్తకులు గుఱ్ఱపువైద్యులను నచ్చటికిఁ బోనీయరని కూడఁ జెప్పెను. చచ్చిన గుఱ్ఱమునకు బదులు మఱల సీమగుఱ్ఱమే వచ్చెను. ఇచ్చటఁ బుట్టిన పిల్లకు మాత్రము కుఱుచదను నింద మిగిలెను. విజయనగరమున రాజు ఏఁటికి 13,000 గుఱ్ఱములను, అనఁగా ఓర్ముజు గుఱ్ఱములను నాటుగుఱ్ఱములనుగూడఁ గొనుచుండెనని న్యూనిజు వ్రాసెను. ఆముక్తమాల్యదలోఁ గృష్ణరాయలు, ఏనుఁగులను గుఱ్ఱములను దెచ్చు దూరదేశపు వర్తకులను మన్నించి, అవి శత్రువునకుఁ జేరకుండఁ జేసికొమ్మనెను. అది రాజనీతి, కులాభిమానము గాదు.

నాటుగుఱ్ఱము తన విలువను యుద్ధమునఁ జూపెను. 1626లో మరణించిన మలిక్ అంబరును, పిమ్మట మరాఠీలును భారీ మొగలుసేనలను జికాకుపఱిచినది తేలికయైన దక్కను గుఱ్ఱములతోనే. ఉలవలు, ఎండుగడ్డి తిని, కొండదారులఁ బరుగులిడఁగల యీ గుఱ్ఱము భీమానదీ ప్రాంతమున భీమ్‌థడి యని పేరొందెను. శాంతికాలమున బండికిఁ గట్టఁబడి, టట్టు అను నొక్క మాటచే మఱవఁబడెను.

ఇంగ్లండునందును నిట్లే జరిగినది. అచ్చటి పందెపుగుఱ్ఱముల వంశములన్నియుఁ దూర్పుదేశములనుండి వచ్చిన మూఁడు మగగుఱ్ఱములను బేర్కొని గర్వించును. అయినను 1913లో జర్సీ శాసనమను నియమముచే, వంశపత్రికలోఁ బూర్వులందఱు నెక్కని యమెరికా గుఱ్ఱములను సంకరములని త్రోసివేసిరి. మఱుసటి సంవత్సరమే యట్టి "సంకరము" దుర్బార్ యనునది ఎప్సమ్‌నందు డెర్బీ పందెమును గెలిచెను. 1948లో నట్టివే మఱి రెండు గొప్ప పందెములను గెలువఁగా, 1949లో నా నియమమును సడలింపవలసి వచ్చెను. పత్రిక కాదన్నదానిని గుఱ్ఱపుకాళ్లు ఔననిపించినవి.

భీమ్‌థడిని బ్రత్యేకజాతిగా మన జాతీయసంస్థ గుర్తించినది 2023-24 ప్రాంతముననే. అప్పటికి మిగిలినవి సుమారు 5,000 మాత్రమే. ఒకనాఁడు నిజాము రాజ్యమునఁ జేరియుండిన మాళేగాఁవు ఖండోబా జాతరలో గుఱ్ఱములసంత నేఁడును జరుగుచున్నది. గుఱ్ఱము మిగిలినను దానిఁ గూర్చిన మాటలు మిగులునా? లాడములు కొట్టువారు, జట్కా తోలినవారు నాటుగుఱ్ఱపు రంగులకు, సుళ్లకు, నడకలకుఁ బెట్టిన పేళ్లు నిఘంటువుల కెక్కలేదు. తేజికి మన కోశములలోఁ జోటున్నది. టట్టునకు నిందయే యున్నది. వృద్ధులైన యా పనివారున్న గ్రామములయందలి పాఠశాలా పండితులు వారినడిగి యీ పదములను వ్రాసియుంచినచో, పశువు విషయమునఁ జేసిన తప్పిదము భాషవిషయమున నైనను జరుగకుండును.