నిందపడ్డ ముద్దలు

1968, లాస్ ఏంజెలెస్. జ్యూరీ పనికని కోర్టుకు బయల్దేరిన లియొనార్ వెక్స్‌లర్ రోడ్డు దాటుతోంది. అడుగు తడబడింది. తూలింది.

"పొద్దున్నే తాగి రోడ్డెక్కావా? సిగ్గులేదూ?" పోలీసు గద్దించాడు.

ఆమె చుక్క కూడా ముట్టలేదు. అంతకుముందు ఆమె తండ్రినీ, ముగ్గురు అన్నదమ్ములనూ పొట్టనపెట్టుకున్న హంటింగ్టన్ అనే వంశపారంపర్య నాడీవ్యాధి ఇప్పుడు ఆమె కాళ్లలోకి దిగింది. ఇద్దరు కూతుళ్లను కూర్చోబెట్టి తండ్రి మిల్టన్ చెప్పాడు: మీలో ఒక్కొక్కరికీ ఇది వచ్చే అవకాశం సగానికి సగం. చిన్నమ్మాయి నాన్సీకి అప్పుడు 23 ఏళ్లు.

ఆ నాన్సీయే వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డున ఉన్న జాలరి పల్లెలకు వెళ్లింది. 'ఎల్ మాల్' అని అక్కడివాళ్లు పిలిచే ఈ జబ్బు అక్కడ ఎన్నో ఇళ్లలో తరతరాలుగా ఉంది. పరీక్షకు చర్మం ముక్క ఇవ్వమంటే జనం జంకారు. అప్పుడు ఫిదేలా గోమెజ్ అనే నర్సు నాన్సీ చెయ్యి పైకెత్తి పట్టుకుంది. "చూడండి, ఈమెకూ ఆ మచ్చ ఉంది!" నాన్సీ తన చర్మం ముందే ఇచ్చింది. ఈమె కూడా మనలాంటిదేనని వాళ్లకు అర్థమైంది. చర్మంతో పాటు రక్తమూ ఇచ్చారు.

ఆ పల్లెల రక్తమే దారి చూపింది. 1983లో ఈ జబ్బు జన్యువు జాడ నాలుగో క్రోమోజోమ్ మీద దొరికింది, 1993లో జన్యువే దొరికింది. అందులో సీ-ఏ-జీ అనే మూడక్షరాలు వరసగా 40 సార్లు, అంతకుమించి వస్తే జబ్బు తప్పదు.

ఆ అదనపు అక్షరాల వల్ల హంటింగ్టిన్ అనే ప్రోటీన్‌కు పొడవాటి గ్లుటమిన్ తోక మొలుస్తుంది. ఆ ప్రోటీన్లు సరిగా మడత పడక ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి. 1997లో నాడీకణాల కేంద్రకాల్లో ఈ ముద్దలు కనిపించగానే చాలామంది వేలు వాటివైపే చూపించారు: హంతకులు ఇవే!

చచ్చిన కణాన్ని కోసి చూస్తే ముద్ద కనిపిస్తుంది, కానీ చంపింది అదేనని ఎలా తేలుతుంది? శాన్ ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో స్టీవెన్ ఫింక్‌బైనర్ బృందం బతికున్న కణాలను వెంటాడింది. ఎలుక నాడీకణాల్లోకి లోపమున్న జన్యువును మెరిసే గుర్తుతో కలిపి ఎక్కించి, రోబో మైక్రోస్కోప్‌తో రోజుల తరబడి మళ్లీ మళ్లీ అదే కణాన్ని వెతికి పట్టుకుని చూసింది. ఏ కణం ఎప్పుడు ముద్ద కట్టింది, ఎప్పుడు చచ్చింది, అన్నీ రాసుకుంది.

2004లో వెలువడిన ఫలితం తీర్పును తిరగరాసింది. ముద్దలు కట్టకుండానే ఎన్నో కణాలు చనిపోయాయి. ముద్ద కట్టిన కణాలే ఎక్కువ కాలం నిలిచాయి. ముద్ద ఏర్పడ్డాక కణమంతటా విడివిడిగా తిరుగుతున్న చెడ్డ ప్రోటీన్ తగ్గింది. కాళ్లకు గుచ్చుకోకుండా గాజుపెంకులను ఒక మూలకు ఊడ్చినట్టు, విషాన్ని కణం ఒకచోటికి చేర్చుకుంటోంది. ఇది చావు గుర్తు కాదు, బతుకు పోరాటం. చెడ్డ ప్రోటీన్‌ను కరిగించే యంత్రాంగం, మడత సరిచేసే సహాయక ప్రోటీన్లు కూడా కణానికి ఉన్నాయి. వయసు మీదపడేకొద్దీ అవి అలసిపోతాయి. ముద్దలను కరిగించేస్తే చాలనుకున్న వైద్యానికి ఈ ఫలితం గట్టి హెచ్చరిక అని నా నమ్మకం.

తనకూ ఆ జబ్బు ఉందని నాన్సీ వెక్స్‌లర్ 2020లో లోకానికి చెప్పింది. దాన్ని నయం చేసే మందు ఇంకా రాలేదు. వచ్చిన రోజున అది ముందుగా, ఉచితంగా చేరాల్సింది మరకైబో ఒడ్డుకే. రక్తమిచ్చింది వాళ్లు.