కరెంటు శృతి

మా టీమ్‌లో ఒకాయన మొన్న ముప్ఫై వేలు పోసి పవర్ కేబుల్ కొన్నాడు. స్పీకరు కాదు, యాంప్లిఫయరూ కాదు, గోడ ప్లగ్గు నుంచి యాంప్లిఫయర్‌కి వచ్చే రెండు మీటర్ల తీగ! "కరెంటు శుభ్రంగా ఉంటే పాట విచ్చుకుంటుంది గురూ" అంటాడు. జపాన్‌లో ఇంతకన్నా ముదుర్లున్నారు లెండి. పాట కోసం ఇంటి ముందు సొంత కరెంటు స్తంభమే పాతించుకున్న పెద్దమనిషి గురించి 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. నవ్వబోయి ఆగాను. కరెంటు పాటను పాడుచెయ్యడం చెవులారా విన్నవాణ్ణి మరి.

మాది కోరుట్ల. తొంభైల మొదట్లో మా మామయ్య దగ్గర ఓ పాత రికార్డ్ ప్లేయరు, పక్కనే హార్మోనియం ఉండేవి. రికార్డు పెట్టి, దాంతోపాటు వాయిస్తూ నేర్చుకునేవాడు. తెల్లవారుజామున చక్కగా కలిసిన పాట రాత్రి ఏడింటికి ఏ మెట్టు నొక్కినా కలిసేది కాదు. ఈ మెట్టుకి తక్కువ, దాని కింది మెట్టుకి ఎక్కువ. "లో వోల్టేజిరా" అని స్టెబిలైజర్ తెచ్చాడు. బల్బు వెలుగు పెరిగింది గానీ శృతి కలవలేదు.

తప్పు వోల్టేజిది కాదని నాకు ఇంజనీరింగులో గానీ అర్థం కాలేదు. వోల్టేజి మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. ఫ్రీక్వెన్సీ అలా కాదు, కోరుట్ల నుంచి కన్యాకుమారి దాకా దక్షిణాది గ్రిడ్ మొత్తానికీ ఒక్కటే. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే జనరేటర్లన్నీ కలిసే నెమ్మదిస్తాయి. ఆ రోజుల్లో 50 ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ గంటల తరబడి 49 కింద ఉండేది, ఒక్కోసారి 48కి దిగేది. ప్లేయర్‌లోని ఏ.సి. మోటారు దాన్నే అనుసరిస్తుంది. 48 దగ్గర నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 32 తిరుగుతుంది. శృతి అర స్వరంలో సుమారు 0.7 వంతు దిగుతుంది. అంటే సరిగ్గా రెండు మెట్ల మధ్య ఇరుక్కుంటుంది!

పాట సాగితే మామయ్యకి చిరాకు, అంతే. మాకు దగ్గర్లోనే సిరిసిల్ల ఉంది. అక్కడి మరమగ్గాల్ని సాంచాలంటారు. వాటి మోటార్లూ ఇదే ఫ్రీక్వెన్సీకి కట్టుబడ్డవే. వీధిలో నడుస్తుంటే వినిపించే ఆ టకటక కూడా ఫ్రీక్వెన్సీతో పాటే నెమ్మదిస్తుంది. సాంచాల మీద కూలి మీటరు లెక్కన. 4 శాతం నెమ్మదిస్తే పది గంటల పనిలో సుమారు 24 నిమిషాల బట్ట పోయినట్టే. ఆ నష్టాన్ని ఎవరూ ఏ బిల్లులోనూ చూపించలేదు. చిత్రమేమిటంటే, దేశంలో మొదటి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి, 1970లో మొదలైన సెస్, సిరిసిల్లదే. కరెంటు పంచే సొసైటీ సొంతం, ఫ్రీక్వెన్సీ మాత్రం నాలుగు రాష్ట్రాల ఉమ్మడి పాపం.

దీన్ని కుదిర్చిన పద్ధతి మన ప్రోగ్రామర్లకి తెగ నచ్చుతుంది. 2003 జనవరి 1న దక్షిణాదిలో ఏ.బి.టి. అనే టారిఫ్ వచ్చింది. రాష్ట్రం తన షెడ్యూలు దాటి లాగిన యూనిట్‌కి ధర అప్పటి ఫ్రీక్వెన్సీని బట్టి ఉండేది. ఫ్రీక్వెన్సీ పడేకొద్దీ ధర పెరిగేది. సర్జ్ ప్రైసింగ్‌కి తాతగారన్నమాట. ధర ఎంత ఉందో తెలుసుకోవడానికి సర్వరూ నెట్‌వర్కూ అక్కర్లేకపోయేది, ప్రతి ప్లగ్గులోనూ ఆ సంకేతం ఉండేది! ఫ్రీక్వెన్సీ చాలావరకు 49 పైకి వచ్చింది. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది.

అయితే శృతి కుదిరేసరికి వినేవాళ్ళ దగ్గర ఆ మోటార్లే లేవు. క్యాసెట్ డెక్కుల్లో డి.సి. మోటార్లు, సీడీల్లో క్వార్ట్జ్ క్రిస్టల్ వచ్చేశాయి.

ఇక మావాడి కేబుల్ సంగతి. యాంప్లిఫయర్ ఏ.సి.ని లోపలికి రాగానే డి.సి. చేసేస్తుంది. ఆ పైన మిగిలేవి రెండే సమస్యలు. ఒకటి, వోల్టేజి 230 నుంచి 180కి పడితే మామూలు యాంప్లిఫయర్ గరిష్ఠ పవర్ దాదాపు 61 శాతానికి తగ్గుతుంది, సౌండు పెంచితే గొంతు చీలుతుంది. రెండోది ఎర్త్ సరిగా లేక వచ్చే గుయ్‌మనే రొద. మొదటిదానికి స్టెబిలైజర్, రెండోదానికి మంచి ఎలక్ట్రీషియన్ కావాలి. ముప్ఫై వేల తీగ ఆ రెండూ చెయ్యదు. ఈ మాటే చెబితే రెండు రోజులు మాట్లాడలేదు.

మామయ్య రికార్డ్ ప్లేయరు ఇంకా అటక మీదే ఉంది. దసరాకి వెళ్ళినప్పుడు దించి, రాత్రి ఏడింటికి హార్మోనియం పక్కన పెట్టి చూడాలి.