ఎవరి కోసం, ఎందుకు: సాఫ్ట్‌వేర్ తొలి పేజీ చరిత్ర

కంప్యూటర్‌ను వ్యాపారం లెక్కల్లోకి మొట్టమొదట దించింది టీ దుకాణాలు నడిపే ఒక కంపెనీ. లండన్‌లోని జె. లయన్స్ కంపెనీకి చాలా టీ షాపులూ, వాటికి కేకులూ రొట్టెలూ పంపే పెద్ద బేకరీలూ ఉండేవి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో తయారవుతున్న ఎడ్‌శాక్ యంత్రానికి ఆ కంపెనీ డబ్బు సాయం చేసి, అదే నమూనాలో తనకోసం ‘లియో’ అనే కంప్యూటర్‌ను కట్టుకుంది. 1951 నవంబరు నుంచి అది బేకరీ సరుకు విలువ లెక్కలు కట్టసాగింది. యంత్రం గొప్పదే. అంతకన్నా గొప్పగా నాకు తోచేది, ప్రోగ్రాము రాయకముందు అక్కడివాళ్లు చేసిన ఆలోచన.

లియో చేసే పనులకు రూపం ఇచ్చినవాడు డేవిడ్ కేమినర్. 1954లో టీ షాపులకు సరుకు పంపే పని కంప్యూటర్‌కు అప్పగించారు. ఇందులో అసలు కష్టం షాపు మేనేజరమ్మది. రేపు ఎన్ని కేకులు కావాలో ఆవిడ ఇవాళే చెప్పాలి. ఎక్కువ చెబితే పాచిపోతాయి, తక్కువ చెబితే గిరాకీ పోతుంది. అందుకని ప్రతి షాపుకూ మామూలుగా వెళ్లే సరుకు జాబితా ఒకటి ముందే యంత్రంలో పెట్టారు. రోజూ కేంద్ర కార్యాలయం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. మేనేజరమ్మ మార్పులు మాత్రం చెబుతుంది. ఆ అమ్మాయి వింటూనే వాటిని కార్డుల మీద పంచ్ చేస్తుంది. బేకరీలో ఏం వండాలో, బండిలో ఏం ఎక్కించాలో ఆ అంకెల నుంచే తేలుతుంది. పనికి ప్రయోజనం ఏమిటి, అందులో ఎవరెవరు ఉన్నారు, ఎవరి మీద భారం తగ్గాలి అన్న మూడింటికీ ఒక్క ఫోన్ మాటలో జవాబు దొరికింది.

లయన్స్‌కు అది చేతనవడానికి కారణం ఉంది. యంత్రం కట్టినవాళ్లూ వాడేవాళ్లూ ఒకే కంపెనీ జీతగాళ్లు. పనుల తీరును పరిశీలించి మార్చడానికి 1930లలోనే అక్కడ ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. కంప్యూటర్లు అమ్ముడు సరుకయ్యాక ఈ దగ్గరితనం పోయింది. తయారుచేసేవాడు ఒకచోట, కొనేవాడు ఇంకొకచోట, వాడేవాడు మరెక్కడో. ముగ్గురి మధ్యా మిగిలింది ఒక ఒప్పంద పత్రం. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సదస్సు నాటికి ప్రాజెక్టులు గడువులు దాటడం, ఖర్చులు అదుపు తప్పడం మామూలైపోయింది. ‘సాఫ్ట్‌వేర్ సంక్షోభం’ అన్న మాట ఆ సదస్సుతోనే ప్రచారంలోకి వచ్చింది. రెండేళ్ల తర్వాత విన్‌స్టన్ రాయిస్ రాసిన వ్యాసంలో సాఫ్ట్‌వేర్ తయారీ దశలు మెట్లు మెట్లుగా కిందికి దిగే బొమ్మ ఒకటుంది. ఆ బొమ్మను లోకం పట్టుకుంది. అలా ఒక్క దిగుడులో పని ముగించబోతే ప్రమాదమనీ, కొనేవారిని మొదటి నుంచీ కలుపుకొని పోవాలనీ ఆయన అదే వ్యాసంలో రాసింది మాత్రం చాలామంది చదవలేదు.

ఈ చరిత్రలో నేను ఎక్కువగా గౌరవించే అధ్యాయం నార్వేది. క్రిస్టెన్ నీగార్డ్, ఓలె-యోహాన్ డాల్ కలిసి 1960లలో సిమ్యులా భాషను సృష్టించారు. నేటి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు పునాది అదే. కర్మాగారంలో పని ఎలా నడుస్తుందో యంత్రంలో నమూనా కట్టి చూడడానికి ఆ భాష పనికొచ్చేది. ఆ నమూనాలు యాజమాన్యం చేతికి వెళితే అందులో అంకెలుగా మారిన కార్మికుల గతి ఏమిటన్న ప్రశ్న నీగార్డ్‌ను వదల్లేదు. 1970ల మొదట్లో ఆయన నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాడు. పరిశోధకులు నివేదికలు రాసి సంఘానికి ఇవ్వాలన్నది తొలి ఆలోచన. అవి కార్మికులకు దేనికీ పనికిరావని త్వరలోనే అర్థమైంది. అప్పుడు ప్రాజెక్టు లక్ష్యాన్నే తిరగరాశారు. కార్మికులు తాము నేర్చుకున్నదానితో సొంత కర్మాగారంలో ఏదైనా చేయగలిగితేనే అది ఫలితం, లేకపోతే ఫలితం లేనట్టే. ప్రాజెక్టు ప్రయోజనాన్ని ఇంత నిజాయితీగా నిర్వచించిన సందర్భం నాకు మరొకటి తెలియదు. ఆ దారిలోనే 1970ల నడుమ డేటా ఒప్పందాలు వచ్చాయి. కొత్త కంప్యూటర్ వ్యవస్థ వచ్చేముందు దాని గురించి తెలుసుకునే హక్కూ, మాట్లాడే హక్కూ కార్మికులకు దక్కాయి.

తర్వాత 1981లో మొదలైన యుటోపియా ప్రాజెక్టులో స్కాండినేవియా పత్రికల అచ్చు కార్మికులు ఇంకో అడుగు వేశారు. అప్పటికి బల్లమీద పెట్టుకునే లేజర్ ప్రింటర్ వాళ్లకు అందుబాటులో లేదు. ఒక అట్టపెట్టె మీద దాని పేరు రాసి బల్లమీద పెట్టి, అది ఉంటే తమ పని ఎలా మారుతుందో చేసి చూశారు. అమెరికాలో 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ పుస్తకం వెలువడింది. సంస్థ అంటే పెట్టుబడి పెట్టినవాళ్లొక్కరే కాదు, ఉద్యోగులూ కొనేవాళ్లూ సరఫరాదారులూ చుట్టుపక్కల జనమూ స్టేక్‌హోల్డర్లేనన్నది అందులోని వాదం. ఆ మాట క్రమంగా సాఫ్ట్‌వేర్ గదుల్లోకీ వచ్చింది. అయితే తొలిరోజు గోడ మీద పేర్ల పట్టిక అంటించగానే పని అయిపోదు. ఆ పట్టికలో ఉన్నవాడికి కాదనే హక్కు ఉందా అన్నది ముఖ్యం. నార్వేలో ఆ హక్కు కోసం బేరమాడడానికి సంఘం ఉంది.

ఆ హక్కు లేనిచోట ఏమవుతుందో లండన్ చూసింది. 1992 అక్టోబరు 26న లండన్ అంబులెన్స్ సర్వీస్ కాగితాలు పక్కనపెట్టి పూర్తిగా కంప్యూటర్‌కు మారింది. ఏ బండి ఎక్కడుందో యంత్రం తెలుసుకుని, దగ్గరి బండిని తానే పంపాలి. బండి ఎక్కడుందో సరైన కబురు అందకపోవడంతో దాని లెక్క తప్పింది. ఒకే చోటికి రెండు బండ్లు వెళ్లాయి. కొందరి దగ్గరికి ఏ బండీ రాలేదు. హెచ్చరిక సందేశాలు తెర మీద పేరుకుపోయాయి, జనం మళ్లీ మళ్లీ ఫోన్ చేశారు. నవంబరు 4న వ్యవస్థ పూర్తిగా ఆగింది, సిబ్బంది మళ్లీ కాగితం పట్టారు. 1993 ఫిబ్రవరిలో వచ్చిన విచారణ నివేదిక సాంకేతిక లోపాలతో ఆగలేదు. అవసరాల పత్రం రాసేటప్పుడు అంబులెన్స్ సిబ్బంది పాత్ర నామమాత్రమేనని, యంత్రం చేత సిబ్బంది పని అలవాట్లను మార్చేయాలని యాజమాన్యం చూసిందని చెప్పింది. రోడ్డు మీద బటన్ నొక్కి బండి కబురు పంపాల్సిన మనిషిని అడగకుండా ఆ బటన్‌ను నిర్ణయించారు. అదే లండన్‌లో 1996లో వచ్చిన కొత్త వ్యవస్థను సిబ్బందితో కలిసి, మెల్లగా, ఒక్కో భాగంగా కట్టారు. అది నిలబడింది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని ఉటాలో 17 మంది ప్రకటించిన ఎజైల్ సిద్ధాంతం, ఒప్పంద పత్రం కన్నా కొనేవారితో కలిసి పనిచేయడం మేలని తేల్చింది. మంచి మాటే. కానీ కొనేవాడూ వాడేవాడూ ఒకరు కాకపోవచ్చు. జోనథన్ రాస్ముసన్ 2010 నాటి తన పుస్తకంలో వివరించిన ఇన్‌సెప్షన్ డెక్ ఈ లోటును కొంత పూడ్చింది. కోడ్ రాయకముందు అందరూ కూర్చుని మనం ఎందుకు ఇక్కడున్నాం, ఏం చేయబోవడం లేదు, మన ఇరుగుపొరుగు ఎవరు అని తేల్చుకోవడం అందులో భాగం. 2011లో ఏర్పడిన బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్, కట్టడం మొదలుపెట్టే ముందు వాడేవారి అవసరాలు తెలుసుకునే దశను ప్రభుత్వ సేవలకు ప్రామాణికం చేసింది.

మన దగ్గర 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘కార్డ్’ ప్రాజెక్టు భూముల రిజిస్ట్రేషన్‌ను సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో కంప్యూటర్‌కు ఎక్కించింది. వేగం, పారదర్శకత దాని ప్రయోజనాలు. రోజులు పట్టే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) నిమిషాల్లో చేతికొచ్చింది. అయినా దస్తావేజు లేఖరి దగ్గర క్యూ పోలేదు. ఆయన ఎందుకు అవసరమవుతున్నాడన్నది యంత్రం తీర్చగలిగిన ప్రశ్న కాదు. 2020 అక్టోబరు 29న తెలంగాణలో వచ్చిన ధరణి పోర్టల్, రిజిస్ట్రేషన్‌నూ మ్యుటేషన్‌నూ ఒకేచోట, ఒకేరోజు ముగించేలా చేసింది. చిన్న పని కాదది. కానీ పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ అందులో లేదు. పొలం దున్నే కౌలు రైతుకు ఆ తెర మీద చోటు లేకుండా పోయింది. ఇది ప్రోగ్రామర్ మరిచిపోయింది కాదు, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయించినవాళ్ల తీర్పు.

2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. దానికి మార్పులు చేసే ఇంజనీర్లకూ అధికారులకూ నా విన్నపం ఒకటే. తదుపరి తొలి సమావేశానికి తహసీల్దారుతో పాటు ఒక కౌలు రైతునూ, ఒక మీసేవ ఆపరేటర్‌నూ పిలవండి. వాళ్లు వద్దన్నదాన్ని కూడా మినిట్స్‌లో రాయండి.