గోధుమ జిగురు కథ



పిడికెడు మైదాపిండి తీసుకొని, కాసిని నీళ్లు పోసి గట్టిగా ముద్ద చేయండి. అరగంట నాననిచ్చి, ఆ ముద్దను నీళ్ల గిన్నెలో పిసుకుతూ కడగండి. నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. ఆ తెలుపు పిండిపదార్థము. నీళ్లు మార్చి మార్చి కడిగితే, చివరకు చేతిలో బంకలాగా సాగే జిగురు మిగులుతుంది.

ఈ సంగతినే ఇటలీ దేశములోని బొలోనా నగరములో బెక్కారి అనే పండితుడు 1728లో విద్వత్సభకు వివరించాడు. 1745లో అది అచ్చయింది. పరీక్షించి చూడగా ఆ జిగురు గుణములన్నీ జంతు పదార్థమును పోలియున్నవి. అటువంటిది మొక్కలోనూ ఉన్నదని తెలియడము ఆ రోజులలో గొప్ప విశేషము.

మరి ఆ జిగురు ఒకే వస్తువా? 1820 ప్రాంతమున తద్దేయి అనే మరొక ఇటలీ శాస్త్రజ్ఞుడు దానిని ఆల్కహాలులో వేశాడు. కొంత కరిగింది, కొంత కరగలేదు. కరిగినదానికి గ్లియాడిన్ అని పేరు పెట్టాడు.

తరువాత అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రములో థామస్ ఆస్బర్న్ ఏళ్ల తరబడి కృషి చేసి, 1907లో గోధుమ మాంసకృత్తులపై గ్రంథము వెలువరించాడు. నీళ్లలో కరిగేది ఆల్బుమిన్. ఉప్పునీళ్లలో కరిగేది గ్లోబులిన్. ఆల్కహాలులో కరిగేది గ్లియాడిన్. వీటికి లొంగక పలుచని క్షారములో కరిగేది గ్లూటెనిన్. జిగురులో ముఖ్యమైనవి చివరి రెండే. గ్లియాడిన్ వలన ముద్ద సాగుతుంది, గ్లూటెనిన్ వలన బిగువుగా నిలుస్తుంది.

అయితే గోధుమ ఈ జిగురును మనకోసము దాచలేదండీ. అది మొలకకు కట్టిన చద్దిమూట. మొలకకు చాలినది మన బిడ్డలకు చాలునా? ఆస్బర్న్, ఆయన సహచరుడు మెండెల్ ఎలుక పిల్లలకు మాంసకృత్తుగా గ్లియాడిన్ ఒక్కటే పెట్టి చూశారు. అవి బ్రతికాయి గాని ఎదగలేదు. మేతలో లైసిన్ అనే ఎమినో ఆమ్లము కలిపితే ఎదుగుదల సాగింది. 1914లో వారు దీనిని ప్రకటించారు. గోధుమకున్న లోటు లైసిన్ అని అలా తేలింది.

ఆ లోటు తీర్చడానికి మందులషాపుకు పోనక్కరలేదు. కంది, పెసర, సెనగ, మినుము గింజలలో లైసిన్ బాగా ఉన్నది. పప్పులలో తక్కువగా ఉండే మిథియోనిన్ గోధుమ ఇస్తుంది. దేని లోటు రెండవది పూడుస్తుంది. ఉత్త రొట్టె, కారము పెడితే బిడ్డకు కడుపు నిండుతుంది గాని ఒళ్లు ఎదగదు. విస్తరణ సిబ్బందికి నా మనవి ఒక్కటే: గోధుమ గురించి చెప్పిన ప్రతి ఇంటా పప్పు గురించి కూడా చెప్పి రండి.