రోడ్డు అందుకోలేని నిమిషం

యూఏఈ తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్ చరిత్ర అంటే సాధారణంగా రేవు చరిత్రే. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ నౌకల దాడితో మొదలై నేటి కంటైనర్ టెర్మినల్ దాకా సాగుతుంది. పురిటి గది అందులో కనిపించదు. ముందు సముద్రం, వెనక హజర్ కొండలు ఉన్న ఆ ఊళ్లో తారు రోడ్లు రాకముందు కాన్పులు ఇంట్లోనే, మన మంత్రసానుల వంటి దాయాల చేతుల మీదుగా జరిగేవి. దుబాయిలో అల్ మక్తూమ్ ఆసుపత్రి 1951లో, అల్ ఐన్‌లో ఒయాసిస్ ఆసుపత్రి 1960లో తెరిచినా రెండూ కొండలకు అవతలే. 2019లో షార్జా నుంచి ఐదు సొరంగాలతో 89 కిలోమీటర్ల కొత్త దారి పడి, ప్రయాణం ముప్పావు గంటకు తగ్గింది. కాబట్టి బిడ్డలను కాపాడింది రోడ్డేనని అనిపిస్తుంది. అందులో నిజం సగమే.

బిడ్డ అడ్డం తిరిగినా, నొప్పులు రోజంతా సాగినా తల్లిని ఆసుపత్రికి చేర్చే వ్యవధి ఉంటుంది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఆ వ్యవధి ఉండదు. ఒళ్లు తుడిచి, వీపు నిమిరి, అయినా ఊపిరి తీయకపోతే మొదటి నిమిషంలోనే ముఖానికి మాస్కు పెట్టి గాలి అందించాలి. ఆలస్యమైతే మెదడు లోతుల్లో కదలికలను నడిపే బేసల్ గాంగ్లియా, థాలమస్ కణాలు ముందుగా దెబ్బతింటాయి. ఊపిరి వచ్చాక బిడ్డ కుదుటపడినట్టే ఉంటుంది కానీ, కొన్ని గంటలకు కణాల నాశనం రెండో విడత మొదలవుతుంది. 2005 నాటి పరిశోధనల తర్వాత స్థిరపడిన చల్లబరిచే చికిత్స దీనికోసమే. ఆరు గంటల్లోపు మొదలుపెట్టి, 72 గంటలు ఒంటి వేడిని 33.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఈ రెండో గడువుకు రోడ్డు అక్కరకొస్తుంది. మొదటి గడువుకు మాత్రం గదిలో ఉన్న మనిషి నేర్పే దిక్కు.

మొదటి నిమిషమే కీలకమన్న ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. కష్టమైన కాన్పే బిడ్డల్లో సెరిబ్రల్ పాల్సీ అనే పక్షవాతానికి కారణమని లండన్ వైద్యుడు లిటిల్ 1861లో వాదిస్తే, కడుపులో ముందే జరిగిన లోపానికి కష్టమైన కాన్పు ఒక లక్షణం మాత్రమే కావచ్చని ఫ్రాయిడ్ 1897లో తిప్పికొట్టాడు. సెరిబ్రల్ పాల్సీలో ఎక్కువ భాగానికి పుట్టేటప్పుడు ఊపిరాడకపోవడం కారణం కాదని 1986లో నెల్సన్, ఎలెన్‌బర్గ్‌ల అధ్యయనమూ చూపింది. కాబట్టి ప్రతి వైకల్యాన్నీ దాయా ఖాతాలో వేయడం అన్యాయం. అయితే మిగిలిన ఆ తక్కువ భాగంలోనే మనం ఆపగలిగినది ఉంది. పరికరం ఉంటే చాలన్న నమ్మకమూ నిలవలేదు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో జరిగి 2021లో వెలువడిన హెలిక్స్ పరీక్షలో చల్లబరిచే చికిత్స ఫలించలేదు సరికదా, చల్లబరిచిన బిడ్డల్లోనే మరణాలు ఎక్కువయ్యాయి.

శిశుమరణాల లెక్క తగ్గడాన్నే విజయమనుకుంటే, బతికిన బిడ్డల సంగతి మరుగున పడుతుంది. బిగుసుకున్న కాళ్లు, మూర్ఛలు, చూపు, వినికిడి లోపాలు ముందుగా బయటపడతాయి. చదువులో వెనకబాటు బడికి వెళ్లాక గాని తెలియదు. అప్పుడు వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న, ‘పుట్టగానే ఏడ్చాడా?’ దానికి జవాబు తల్లి జ్ఞాపకంలో కాక ఆసుపత్రి కాగితంలో దొరకాలి, ఆ కాగితం బిడ్డతోపాటు బడి దాకా రావాలి. పురిటి చరిత్రలో ముందడుగును కొలవాల్సింది సొరంగాల పొడవుతో కాదు, ఆ కాగితంతోనే.