మలేరియా చికిత్సలో లైపోజోములు

లైపోజోములు ఫాస్ఫోలిపిడ్ల జంట పొరతో ఏర్పడే అతిసూక్ష్మ గోళాలు. 1960లలో బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ బాంగమ్ వీటిని వర్ణించాడు. నీటిలో కరిగే మందు గోళం లోపల, కొవ్వులో కరిగేది పొరలో ఇముడుతుంది.

మలేరియా పరాన్నజీవి ముందు కాలేయ కణాల్లో పెరిగి, తరవాత ఎర్ర రక్తకణాల్లో చేరుతుంది. నరానికి ఎక్కించిన లైపోజోములను ఎక్కువగా కాలేయం, ప్లీహాల్లోని భక్షక కణాలే పట్టేస్తాయి. అందుకే పరిశోధకుల దృష్టి తొలినాళ్లలోనే ప్రైమాక్విన్‌పై పడింది. వైవాక్స్ మలేరియాలో కాలేయంలో దాగి జ్వరాన్ని తిరగబెట్టే రూపాలను ఈ మందు చంపుతుంది. కానీ జీ6పీడీ ఎంజైమ్ లోపమున్నవారిలో ఎర్ర రక్తకణాలను చిట్లగొడుతుంది. ఎలుకలకు లైపోజోముల్లో ఇచ్చినప్పుడు దాని విషప్రభావం తగ్గింది.

అసలు చిక్కు ఎర్ర రక్తకణంతోనే. పరిణతి చెందిన ఆ కణం బయటి రేణువులను మింగదు. దీన్ని దాటడానికి లైపోజోము ఉపరితలంపై ఎర్రకణాలను గుర్తించే ప్రతిరక్షకాలను అతికించారు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలో క్లోరోక్విన్‌ను మలేరియా సోకిన ఎలుకలపై పరీక్షించారు. ఇది ఈ రంగంలో భారతీయుల విలువైన కృషి.

ఇంజెక్షన్ అవసరం, తయారీ ఖర్చు, నిల్వ ఇబ్బంది పెద్ద అడ్డంకులు. మారుమూల పల్లె రోగికి మాత్రే అందుబాటులో ఉండే మందు. కాబట్టి ఈ చికిత్స ఇంకా ప్రయోగశాల దాటి వాడుకలోకి రాలేదు. టీకాల్లో మాత్రం లైపోజోములు నిలదొక్కుకున్నాయి: 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ మలేరియా టీకాలోని సహాయక ద్రవ్యం ఏఎస్01 లైపోజోములతో తయారైనదే.